గడ్డుకాలంలో ఉద్యోగం మాని సొంత మోటారు సర్వీసు పెట్టడం గురించి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైన పరిస్థితి ఇది. మీ వయసు 38. అనంతపురంలో ఒక పంపుసెట్ల డీలరు దగ్గర నాలుగేళ్ల పది నెలలుగా సర్వీసు ఇంజనీరుగా పనిచేస్తున్నారు. జీతం 34,000. కొత్త మోటార్ల అమ్మకాలు పడిపోయి, ఇద్దరిని ఇప్పటికే తీసేశారు, మిగిలినవారికి జీతాలు పదో తేదీ దాటాక గానీ రావడం లేదు. మీ శ్రీమతి ప్రైవేటు పాఠశాలలో టీచరు, ఆమె జీతం 18,000. ఇంటి లోను కంతు 13,500. ఇద్దరు చదువుకునే పిల్లలు, చక్కెర వ్యాధి ఉన్న తల్లి. పొదుపు ఏడు లక్షలు, పీఎఫ్ మరో నాలుగైదు లక్షలు ఉన్నాయి. వీటికి ఆరు లక్షల అప్పు జోడించి బళ్లారి రోడ్డులో కొత్త మోటార్లు, పైపులు, కేబుళ్లు అమ్మే షోరూము, దాని వెనుక కాలిన మోటార్లకు రాగి తీగ తిరిగి చుట్టే రివైండింగు షెడ్డు పెట్టాలని అనుకుంటున్నారు. మీతో రావడానికి తీగ చుట్టడంలో అనుభవం ఉన్న వైండరు ఒకతను సిద్ధంగా ఉన్నాడు. ఈ మాంద్యంలో రాజీనామా చేయవచ్చా, పరిస్థితి కుదుటపడేదాకా ఆగాలా అన్నది మీ ప్రశ్న.

బయటికి రండి. కానీ మీరు అనుకుంటున్న దుకాణంతో రావద్దు. ముందున్న షోరూమును మీ ఆలోచనలోంచి పూర్తిగా తీసేసి, వెనుక పెట్టాలనుకున్న రివైండింగు పనినే ముందుకు తెచ్చుకోండి. నేను 2009లో ఉద్యోగం వదిలి ఈ ఊళ్లోనే మోటారు రివైండింగు, స్టార్టరు ప్యానెళ్ల పని మొదలుపెట్టి ఇప్పటికీ అదే చేస్తున్నాను కాబట్టి, ఈ మాట ఎందుకు అంటున్నానో లెక్కలతో సహా చెప్పగలను.

మాంద్యం అనగానే మనకు 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు దివాలా తీయడమో, 2020 లాక్‌డౌనో గుర్తుకొస్తాయి. మన ప్రాంతానికి అంతకంటే దగ్గరి ఉదాహరణ ఉంది. 2020-21కి ముందు మన దేశ జీడీపీ కుంచించుకుపోయిన చివరి సంవత్సరం 1979-80. ఆ దెబ్బకు ముఖ్యమైన కారణాల్లో కరువు ఒకటి. అనంతపురం జిల్లాలో వ్యాపారం చేసేవాడికి ఈ సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు. వాన లేని ఏడాది మన బజారులో మాంద్యమే, ఢిల్లీలో గణాంకాలు ఏం చెప్పినా సరే. అలాంటి ఏడాది పని దొరక్కపోవడం కంటే పెద్ద కష్టం వేరే ఉంటుంది. పని దొరుకుతుంది, చేస్తారు, బిల్లు రాస్తారు, డబ్బు మాత్రం నెలల తరబడి రాదు. అదే సమయంలో కోయంబత్తూరు నుంచో, బెంగళూరు నుంచో సరుకు పంపే టోకు వ్యాపారి, అంతకుముందు నెల రోజుల గడువు ఇచ్చినవాడు, ఇకమీద డబ్బు పంపితేనే లారీలో వేస్తానంటాడు. తీసుకునేవాడు అరువు అడుగుతాడు, ఇచ్చేవాడు నగదు అడుగుతాడు. ఈ రెంటి మధ్య నలిగి మూతపడిన దుకాణాల్లో చాలావాటికి పుస్తకంలో లాభమే కనిపిస్తుంది.

మీ పనికే అన్వయించి చూద్దాం. బోరులోకి దింపే ఒక 7.5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు కాలిపోయి వచ్చిందనుకోండి. రాగి తీగ, ఇన్సులేషను, బుష్‌లు, బేరింగు కలిపి సామాగ్రికి 5,500, మీ కూలి 3,500, మొత్తం బిల్లు 9,000 అనుకుందాం. ధరలు మీరు ఇప్పటి రేట్లతో సరిచేసుకోండి, పద్ధతి మారదు. వేసవి నెలలో ఇలాంటివి ముప్పై వచ్చాయి. పదిహేను మంది నగదు ఇచ్చారు, పదిహేను మంది పంట అమ్మాక ఇస్తామన్నారు. మీకు చేతికొచ్చింది 1,35,000. ముప్పై మోటార్లకు సామాగ్రి ఖర్చు 1,65,000. అద్దె, వైండరు జీతం, కరెంటు బిల్లు ఇంకా కట్టకముందే నెలకు 30,000 లోటు. పుస్తకంలో మాత్రం ఆ నెల మీ కూలి రాబడి 1,05,000 అని రాసి ఉంటుంది.

ఇప్పుడు అవే ముప్పై మోటార్లు, అవే ధరలు, అదే పదిహేను మంది అరువు. ఒక్కటే మార్పు చేయండి. అరువు అడిగినవారి దగ్గర సామాగ్రి డబ్బు 5,500 ముందే తీసుకుని, కూలి 3,500 మాత్రమే పంటదాకా వదలండి. అప్పుడు చేతికొచ్చేది నగదువారి 1,35,000, అరువువారి సామాగ్రి డబ్బు 82,500, మొత్తం 2,17,500. సామాగ్రి ఖర్చు పోగా 52,500 మిగులుతుంది. అద్దె, మనుషులు, కరెంటు కలిపి 40,000 అయినా ఇంటికి 12,500 తీసుకెళ్తారు. ఫిబ్రవరి నుంచి మే దాకా నాలుగు నెలల్లో రైతుల దగ్గర మీకు రావలసిన కూలి 2,10,000 పేరుకుంటుంది. అందులో కొంత ఎగిరిపోయినా దుకాణం నిలబడుతుంది, ఎందుకంటే అది మీరు కొని ఇచ్చినది కాదు. మాంద్యంలో ఈ పనికి నేను పాటించే నియమం ఇదే. రాగి డబ్బు ముందు, కూలి డబ్బు తర్వాత. చుట్టం వచ్చినా, సర్పంచి వచ్చినా దీన్ని మార్చను.

షోరూము వద్దనడానికి కారణం కూడా ఈ లెక్కలోనే ఉంది. కొత్త మోటారు అమ్మితే బిల్లులో దాదాపు అంతా సరుకు ధరే, మీ చెమట చాలా తక్కువ. 30,000 విలువైన మోటారు అరువిస్తే 27,000 దాకా మీ సొంత డబ్బు రైతు బోరులోకి దిగిపోతుంది. మరమ్మతులో అరువివ్వదగినది మీ చేతిలో ఉంది, అమ్మకంలో లేదు. పైగా జనం చేతిలో డబ్బు ఆడనప్పుడు కొత్తది కొనడం వాయిదా వేసి పాతదాన్నే మరోసారి బాగుచేయించుకుంటారు. మీ డీలరు దగ్గర అమ్మకాలు తగ్గిన ఈ రెండేళ్లలో సర్వీసు పిలుపులు తగ్గాయో పెరిగాయో మీరు చేసిన పనుల జాబ్ కార్డులు తిరగేస్తే మీకే తెలుస్తుంది.

ఈ పనికి మన జిల్లాలో ఉన్న బలం గురించి రెండు మాటలు. వ్యవసాయానికి ఉచిత కరెంటు ఇచ్చే గంటలు మొదలైన నిమిషానికే ఆటో స్టార్టర్లున్న మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడి వోల్టేజి దిగిపోతుంది, వైండింగు వేడెక్కుతుంది. మార్చి దాటాక బోర్లలో నీళ్లు అడుగంటి, నీళ్లలో మునిగి చల్లబడాల్సిన మోటారు గాలిలో తిరిగి కాలిపోతుంది. చీనీ (బత్తాయి) తోటలో కాయ నిలబడే సమయంలో మోటారు ఆగితే రైతు రెండు రోజులు కూడా ఆగలేడు. దేశంలో ఆర్థిక పరిస్థితి ఎలా ఉన్నా ఈ అవసరం ఆగదు. 2020 ఏప్రిల్‌లో దేశమంతా లాక్‌డౌనులో ఉన్నప్పుడే వ్యవసాయ యంత్రాలు, విడిభాగాలు, మరమ్మతుల దుకాణాలు తెరుచుకోవచ్చని కేంద్ర హోంశాఖ సడలింపు ఇచ్చింది. మిగతా బజారంతా షట్టర్లు దించిన రోజుల్లో మన పని అత్యవసరాల్లో చేరింది. ఈ ఒక్క కారణంతోనే, మీరు బట్టల దుకాణమో హోటలో పెడతానని రాసి ఉంటే ఇవ్వని సలహా మీకు ఇస్తున్నాను.

అయితే రైతులొక్కరినే నమ్ముకోవద్దు. అనంతపురంలో అపార్టుమెంట్లు, హాస్టళ్లు, ఆసుపత్రులు, కల్యాణమండపాలు, తాగునీటి ఆర్వో ప్లాంట్లు ఉన్నాయి. వీటిలో మోటారు ఆగితే ఆ పూటే పిలుపొస్తుంది, డబ్బు అదే వారంలో వస్తుంది. అపార్టుమెంటు సంఘాల కార్యదర్శులను ఒక్కొక్కరినే కలిసి, ఏడాది నిర్వహణ ఒప్పందం నెలవారీ చెల్లింపుతో మాట్లాడుకోండి. అలాంటి ఒప్పందాలు ఎనిమిదో పదో దొరికితే మీ అద్దె, వైండరు కనీస జీతం వాటితోనే వెళ్లిపోతాయి. తాడిపత్రి వైపు నాపరాళ్లు, గ్రానైటు పాలిషింగు యూనిట్ల పని పెద్దదే, కానీ ఇళ్ల నిర్మాణం మందగిస్తే ముందు దెబ్బ తినేది అవే, అక్కడ పెద్ద బిల్లు పేరుకోనివ్వకండి. పంచాయతీల, ప్రభుత్వ శాఖల పనులను మొదటి రెండేళ్లు ముట్టుకోకండి. డబ్బు ఎగ్గొడతారని కాదు, ఎప్పుడొస్తుందో చెప్పగలిగేవారు ఆ కార్యాలయంలోనే ఉండరు. సబ్సిడీ విడుదలైతే చెల్లిస్తామనే డ్రిప్ పనులూ అంతే.

రైతుతో డబ్బు మాట్లాడటం మీకు కష్టంగా ఉంటుందని నేను ఊహించగలను, ఎందుకంటే ఇన్నాళ్లూ ఆ మాట మాట్లాడింది కౌంటరులో కూర్చున్న మీ యజమాని. మోటారు బండిలోంచి దించకముందే మాట్లాడండి. విప్పి, కాలిన వైండింగు చూపించి, "అన్నా, రాగి ఇంత పడుతుంది, ఆ డబ్బు నేను ఈ రోజే కట్టి తెచ్చుకోవాలి. నా కూలి నీ కాయ అమ్మినాకే ఇయ్యి" అనండి. పాత రాగి తూకం వేసి దాని విలువను ఆయన కళ్లముందే బిల్లులో తగ్గించండి. పాత రాగి విషయంలో మెకానిక్‌ల మీద రైతులకున్న అనుమానం చాలా పాతది, అది పోయిన చోట అరువు వసూలు సగం సులువవుతుంది. చాలామంది ఒప్పుకుంటారు, ఒప్పుకోనివారు వేరే షాపుకి వెళ్తారు, వెళ్లనివ్వండి. అరువు పుస్తకంలో పేరు, ఊరు, పంట, అది కోతకొచ్చే నెల రాసి సంతకం తీసుకోండి. వేరుశనగ రైతును అక్టోబరు, నవంబరులో అడగాలి, చీనీ తోట ఉన్నవారిని కోతను బట్టి అడగాలి. పంట చేతికి రాని నెలలో పదిసార్లు ఫోను చేస్తే మనిషి దూరమవుతాడు, డబ్బు రాదు. నిజంగా పంట పోయినవాడిని ఆ ఏడాది అడగకండి, వచ్చే పంటకు రాసుకోండి. మన జిల్లాలో ఎండిన చేను ముందు నిలబడి కూలి అడిగే మెకానిక్‌కు మళ్లీ ఆ ఊళ్లో పని ఉండదు, ఉండకూడదు కూడా.

ఇక మీ యజమాని సంగతి. ఆయనకు తెలియకుండా ఏర్పాట్లు చేసుకుని ఒక రోజు రాజీనామా పత్రం బల్ల మీద పెడతానన్నారు. ఆ పద్ధతి వద్దు. మాంద్యంలో డీలరును ఎక్కువగా భయపెట్టేది నెలనెలా తప్పని జీతాలు. మీరు వెళ్లి, "నా జీతం భారం మీకొద్దు, మీ వారంటీ సర్వీసు పనులు బయటి నుంచి నేనే చేస్తాను, పనికింత చొప్పున బిల్లు ఇస్తాను" అంటే, మంచి రోజుల్లో కసురుకునేవారే ఇప్పుడు కూర్చోబెట్టి మాట్లాడతారు. ఆయనకు స్థిర ఖర్చు తగ్గుతుంది, మీకు మొదటి రోజు నుంచే పని ఉంటుంది. ఉద్యోగం మానినవాడు అదే పని సొంతంగా చేయకూడదని మీ నియామక పత్రంలో రాసి ఉన్నా భయపడకండి. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 27వ సెక్షను ప్రకారం, ఉద్యోగం మానాక కూడా జీవనోపాధిని అడ్డుకునే షరతు చెల్లదు. కానీ నోటీసు కాలం పాటించి తీరాలి. సంస్థ కస్టమర్ల జాబితా, ఫోను నంబర్లు కాపీ చేసుకుని రావడం చట్టరీత్యా ఇబ్బంది, మర్యాద కూడా కాదు. మీ పని బాగుంటే వాళ్లే వెతుక్కుంటూ వస్తారు. ఉద్యోగంలో ఉండగానే బయట సొంత బిల్లులు వేయడం కూడా వద్దు.

సంస్థలకు బిల్లులు వేయబోతున్నారు కాబట్టి మొదటి రోజే చిన్న సంస్థగా కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషను చేసుకోండి. ఆధార్, పాన్‌తో ఆన్‌లైనులో ఉచితంగా అవుతుంది, వెయ్యి రెండు వేలు అడిగే మధ్యవర్తుల జోలికి పోవద్దు. దాని ప్రయోజనం చాలామందికి తెలియదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల (ఎంఎస్‌ఎంఈ) అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థ నుంచి సేవ గానీ తయారైన సరుకు గానీ తీసుకున్న కొనుగోలుదారు, రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకుంటే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ లెక్కన ఇవ్వాలి. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, ఈ గడువులోగా చెల్లించని మొత్తాన్ని కొనుగోలుదారు తన ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేడు, చెల్లించిన ఏడాదే చూపించుకోవాలి. మీరు ఫిర్యాదు దాకా వెళ్లమని నేను చెప్పను. ఫిర్యాదు చేస్తే ఆ కస్టమరు పోతాడు. బిల్లు మీద ఉద్యమ్ సంఖ్య, చెల్లింపు గడువు అచ్చువేయించండి, అవతలి సంస్థ ఆడిటరే మార్చి లోపు మీ బిల్లు కట్టమని తన యజమానికి చెబుతాడు. కొని అమ్మే వ్యాపారానికి ఈ రక్షణ లేదు. షోరూము వద్దనడానికి ఇది మరో కారణం.

సామాగ్రి ఎంత పెట్టుకోవాలన్న విషయంలో జాగ్రత్త. రాగి ధర మన చేతిలో లేదు, లండన్ మార్కెట్టు, డాలరు ధర నిర్ణయిస్తాయి. 2008 జులైలో టన్ను ఎనిమిది వేల డాలర్లకు పైన పలికిన రాగి అదే ఏడాది డిసెంబరుకల్లా మూడు వేల డాలర్ల దరిదాపుల్లోకి పడిపోయింది. పెరుగుతుందని నిల్వ చేసుకున్నవారు ఆ తీగను సగం ధరకు కూడా అమ్ముకోలేకపోయారు. ఎక్కువగా వచ్చే నాలుగైదు సైజుల తీగ పదిహేను రోజులకు సరిపడా ఉంచుకోండి. ఎప్పుడో వచ్చే సైజులు బజారులో ఏ రోజుకారోజు తెచ్చుకోండి. కిలోకు కొంచెం ఎక్కువ పడినా ఫరవాలేదు.

రాజీనామాకు ముందే చేయవలసినవి కొన్ని ఉన్నాయి, ఇవి తర్వాత చేయబోతే కుదరవు లేదా చాలా ఖరీదవుతాయి. అన్నిటికంటే ముందు ఆరోగ్య బీమా. మీ సంస్థ గ్రూపు పాలసీ మీరు మానిన రోజుతో ఆగిపోతుంది. మీ తల్లికి చక్కెర వ్యాధి ఉంది, కొత్త పాలసీ తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వేచి ఉండమనవచ్చు. అందుకని ఇప్పుడే ఆ బీమా సంస్థతోనే మాట్లాడి గ్రూపు పాలసీ నుంచి కుటుంబ పాలసీకి మారే వీలు, ఇన్నేళ్ల కాలాన్ని లెక్కలోకి తీసుకునే వీలు రాతపూర్వకంగా తెలుసుకోండి. ఇంట్లో ఒక్కరు ఆసుపత్రిలో చేరితే వ్యాపారం డబ్బే ముందు వెళ్లిపోతుంది. నేను చూసిన మూసివేతల్లో ఇలా జరిగినవి తక్కువేమీ కాదు.

ఐదేళ్లు పనిచేసినవారు మానేటప్పుడు సంస్థ ఇచ్చే గ్రాట్యుటీ రెండోది. నాలుగేళ్ల పది నెలలు అయ్యాయన్నారు. ఇంకో రెండు నెలలు ఓపిక పట్టి ఐదేళ్లు నిండనివ్వండి. పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థ అయితే గ్రాట్యుటీ చట్టప్రకారం మీకు వర్తిస్తుంది. చివరి మూలవేతనం, డీఏ కలిపిన మొత్తాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణించాలి. మూలవేతనం 20,000 అయితే ఐదేళ్లకు దాదాపు 57,700 వస్తుంది. అది మీ షాపు అడ్వాన్సు. పీఎఫ్‌ను మాత్రం కదిలించకండి. పాత సంస్థలో పీఎఫ్ ఖాతా ఉంటే ఇప్పటిదానికి బదిలీ చేయించుకోండి. మొత్తం సర్వీసు పదేళ్లు నిండితే పెన్షను అర్హత వస్తుంది, ఐదేళ్లలోపు సర్వీసుకు తీస్తే పన్ను పడుతుంది.

మూడోది, బ్యాంకుతో ఏ పనున్నా జీతం చీటీ చేతిలో ఉండగానే పూర్తి చేసుకోండి. ఇంటి లోను వడ్డీ తగ్గించుకోవడం, వేరే బ్యాంకుకు మార్చుకోవడం వంటివి ఇప్పుడు సులువు. సొంత పని మొదలుపెట్టాక రెండు మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు చూపించేదాకా బ్యాంకు మీ మాట పెద్దగా పట్టించుకోదు.

పెట్టుబడి గురించి. మీ ఏడు లక్షలను రెండుగా విడదీయండి. ఇంటి ఖర్చు, లోను కంతు కలిపి నెలకు 38,500 అని మీ లెక్క, అందులో మీ శ్రీమతి జీతం పోగా 20,500 కావాలి. మూడు లక్షలు ఆమె పేరున ఫిక్సుడు డిపాజిట్లుగా పెడితే పద్నాలుగు నెలలు ఇల్లు నడుస్తుంది. ఆ డబ్బును వ్యాపారానికి ముట్టుకోవాలంటే ఆమె సంతకం అవసరమయ్యేలా ఉంచండి. మిగిలిన నాలుగు లక్షల్లో వైండింగు యంత్రం, టెస్టింగు ప్యానెలు, చైను పుల్లీ, చేతి పనిముట్లు, షాపు అడ్వాన్సు, మొదటి సామాగ్రి అన్నీ అయిపోవాలి. గడ్డుకాలంలో మూతపడిన షాపుల యంత్రాలు మంచి ధరకు దొరుకుతాయి, కొత్తవి కొనకండి. అప్పు అవసరం రాదు. ఆరు లక్షల అప్పు మీ మొదటి ఆలోచనలో షోరూము సరుకు కోసమే కదా, ఆ సరుకే లేనప్పుడు అప్పెందుకు?

అయినా తెలుసుకుని ఉండండి. ముద్ర రుణాల్లో 50,000 దాటి ఐదు లక్షల దాకా కిశోర్ విభాగం, తాకట్టు అక్కరలేదు. నాలుగు లక్షలు ఐదేళ్లకు 11 శాతం వడ్డీతో తీసుకుంటే కంతు 8,700 దాకా పడుతుంది, పైన చెప్పిన లెక్కలో ఇంటికి మిగిలిన 12,500లోంచి అది తీసి చూడండి. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం (పీఎంఈజీపీ) కింద నగరాల్లో జనరల్ కేటగిరీకి 15 శాతం, గ్రామాల్లో 25 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలు మొదలైనవారికి 25, 35 శాతం సబ్సిడీ ఉంటుంది. ఆ సబ్సిడీ చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులో ఉండి తర్వాత అప్పులో జమవుతుంది. అప్పటికే నడుస్తున్న యూనిట్లకు ఇది వర్తించదు, కాబట్టి ఆ ఆలోచన ఉంటే షాపు తెరవకముందే జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి ఇప్పటి నిబంధనలు కనుక్కోండి.

ఎట్టి పరిస్థితిలోనూ డైలీ ఫైనాన్సు వద్దు. తొమ్మిది వేలు చేతిలో పెట్టి రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టించుకుంటారు. వెయ్యి రూపాయలే కదా వడ్డీ అనిపిస్తుంది. రోజూ అసలు తగ్గుతూ ఉంటుంది కాబట్టి సగటున మీ దగ్గర ఉన్నది నాలుగున్నర వేలే. ఏడాదికి లెక్కిస్తే దాదాపు 80 శాతం వడ్డీ. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటేనే ఏడాదికి 24 శాతం, రివైండింగు కూలి మీద అంత మిగలదు.

జీఎస్టీ గురించి భయపడ్డారు. మీది సేవ, సరుకు కలిసిన పని కనుక ఏడాది టర్నోవరు 20 లక్షల పరిమితి అనుకోండి. సరుకు మాత్రమే అమ్మేవారికే 40 లక్షలు. మొదటి ఏడాది మీరు ఆ దరిదాపులకు వచ్చినా అది మంచి సమస్యే. ఒక్కటి గుర్తుంచుకోండి, బళ్లారికో పావగడకో సరుకు పంపి అమ్మితే అది అంతర్రాష్ట్ర అమ్మకం, దానికి టర్నోవరుతో సంబంధం లేకుండా రిజిస్ట్రేషను కావాలి. సరిహద్దు ఎంత దగ్గరో మనకు తెలుసు కాబట్టి చెబుతున్నాను.

షాపు బళ్లారి రోడ్డులో ముఖద్వారం కోసం వెతకకండి. రైతు మోటారును ట్రాక్టరులోనో, ఆటోలోనో వేసుకొస్తాడు, బండి తిరిగే చోటు, మూడు ఫేజుల కరెంటు ఉంటే సందులో ఉన్నా చాలు. ఇప్పుడు చాలా షట్టర్లు ఖాళీగా ఉన్నాయి. అద్దె తగ్గించమని బేరమాడటం కంటే అడ్వాన్సు తగ్గించమని గట్టిగా అడగండి. అడ్వాన్సు మళ్లీ చేతికొచ్చేది షాపు ఖాళీ చేసిన రోజే. వైండరుకు నెలకు కొంత స్థిరంగా, ఆపైన మోటారుకింత అని ఇవ్వండి. వానాకాలంలో పని తగ్గినప్పుడు అతనికి పూట గడవాలి, వేసవిలో రాత్రిదాకా పనిచేసినప్పుడు అతనికీ ఫలం అందాలి. అతను వెళ్లిపోతే మీ షాపు ఉండదని మనసులో పెట్టుకోండి. మీరు కూడా వైండింగు చుట్టడం చేతికి తెచ్చుకోండి.

కాలం విషయానికొస్తే, ఐదేళ్లు నిండాక నెల నోటీసు ఇస్తే మీరు సంక్రాంతి నాటికి బయటికొస్తారు. అది సరైన సమయం. ఫిబ్రవరి నుంచి మోటార్లు కాలడం మొదలవుతుంది, జూన్ దాకా ఊపిరాడదు. అదే జూన్‌లో మొదలుపెడితే వాన పడిన నాలుగు నెలలు అద్దె కడుతూ కూర్చోవాలి, కొత్తగా పెట్టినవాళ్ల ధైర్యం ఆ నెలల్లోనే జారిపోతుంది.

అక్టోబరు చివర ఒక లెక్క తీయండి. ఇంటి కోసం దాచిన మూడు లక్షల్లో సగానికి మించి కరిగిందా, రావలసిన కూలి మూడు లక్షలు దాటిందా? రెండూ జరిగితే కొత్త అరువు పూర్తిగా ఆపి, అపార్టుమెంట్లు, ఆర్వో ప్లాంట్ల పనితో మాత్రమే డిసెంబరు దాకా నడిపి చూడండి. అప్పటికీ ఇంటి ఖర్చు రాకపోతే యంత్రాలు అమ్మి ఉద్యోగంలో చేరండి. సబ్‌మెర్సిబుల్ మోటారు విప్పడం, చుట్టడం తెలిసిన మనిషికి ఈ జిల్లాలో పని దొరక్కపోవడం ఉండదు, పీఎఫ్ అలాగే ఉంటుంది, ఇంటి మీద కొత్త అప్పు ఉండదు.

మీరు రాయని విషయాలు రెండు ఉన్నాయి. మీ సంస్థలో పదిమంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేస్తున్నారా, పాత ఉద్యోగం పీఎఫ్ ఏ ఖాతాలో ఉంది. ఈ రెండూ తెలుసుకుని రాస్తే, ఏ తేదీన నోటీసు ఇవ్వాలో కూర్చుని లెక్కవేసి చెబుతాను.